డెల్టాలో కొన్న 21 గేర్ల సైకిల్ మారేడుమిల్లి ఘాట్‌కి పనికొస్తుందా?

కొన్నది కొన్నట్టే తీసుకెళ్తే పనికిరాదు. వెనక ఫ్రీవీల్ (వెనక చక్రానికి బిగించిన పళ్లచక్రాల గుత్తి), బ్రేకు ప్యాడ్లు మార్చి, రెండు మూడు స్క్రూలు సరిచేసి తీసుకెళ్తే బాగానే పనికొస్తుంది. ఈ మార్పులకయ్యే ఖర్చు కొత్త సైకిల్ ధరలో చిన్న భాగమే. ఈ సైకిల్‌కి రెట్టింపు ధర పెట్టి పెద్ద సైకిల్ కొనమని సలహా ఇచ్చేవాళ్లు ఎక్కువ కాబట్టి ఈ మాట ముందే చెప్పేస్తున్నాను.

రాజమండ్రి, కాకినాడ, భీమవరం, అమలాపురం షాపుల్లో ఇంచుమించు పదిహేను, ఇరవై వేల మధ్య అమ్మే హైబ్రిడ్ సైకిళ్ల గురించే ఇదంతా. పైన స్టిక్కరు ఏదైనా లోపలి సరుకు దాదాపు ఒకటే. ముందు మూడు పళ్లచక్రాలు, వెనక ఏడు చక్రాల ఫ్రీవీల్, చైనుని ఒక పళ్లచక్రం నుంచి ఇంకోదాని మీదికి జరిపే షిమానో టూర్నీ రకం డిరైలర్, తీగతో లాగే డిస్కు బ్రేకులు, 700×35 టైర్లు. అందుకే కంపెనీ పేర్లు పెట్టి మార్కులు వెయ్యడం లేదు. ఏ భాగం నిలుస్తుంది, ఏది చేతులెత్తేస్తుంది అన్నదే చూద్దాం.

డెల్టాలో ఎత్తంటే ఏటిగట్టు, లేకపోతే వంతెన ఎక్కే వాలు. రావులపాలెం నుంచి అమలాపురం దాకా కాలవ పక్కన తొక్కుకుంటూ పోతే గేరు మార్చే అవసరమే రాదు. చైను ముందు మధ్య చక్రం మీద, వెనక నాలుగో దాని మీద పడితే ఏళ్ల తరబడి అక్కడే ఉంటుంది. బ్రేకుకీ పెద్ద పని ఉండదు, ఏ గేదెల మందో అడ్డొస్తే తప్ప. అందువల్ల షాపులో బిగించినప్పుడు వదిలేసిన తప్పు ఏదైనా సరే ఇక్కడ బయటపడదు. రంపచోడవరం దాటాక పడుతుంది. అక్కడ గేరు సైకిల్ తెలిసిన మేస్త్రీ దొరకడం కష్టం.

దారి సంగతి కాస్త చెప్పుకుంటే మిగతాది సులువుగా అర్థమవుతుంది. కోనసీమ నుంచి వచ్చేవాళ్లు జాతీయ రహదారి వదిలేసి బొబ్బర్లంక దగ్గర ధవళేశ్వరం బ్యారేజీ ఎక్కి రాజమండ్రి చేరడం మేలు, లారీల గోల తక్కువ. రాజమండ్రి నుంచి కోరుకొండ మీదుగా గోకవరం సుమారు 30 కిలోమీటర్లు. ఇక్కడిదాకా కాళ్లకి పెద్దగా పని లేదు. కోరుకొండ నరసింహస్వామి గుడి ఉన్న కొండ కనిపించగానే ఎత్తులు మొదలయ్యాయనుకుంటారు గానీ రోడ్డు దాని పక్కనుంచి పోతుంది, పైకెక్కదు. గోకవరం దాటాక అడవి. రంపచోడవరం దాకా మరో 25, అక్కడినుంచి మారేడుమిల్లికి ఇంకో 28 దాకా ఉంటుంది. ఎత్తుపల్లాలు ఉంటాయి, రాజమండ్రిలో తెల్లారకముందే బయల్దేరితే ఒక రోజులో చేరొచ్చు. అసలు ఘాట్ ఆ తర్వాతే. మారేడుమిల్లి నుంచి చింతూరు వైపు సుమారు 45 కిలోమీటర్లు వంపుల మీద వంపులు, ఎక్కుడు తర్వాత దిగుడు, దిగుడు తర్వాత మళ్లీ ఎక్కుడు.

ఇప్పుడు గేర్లు. ముందు పెడల్ దగ్గర చిన్న చక్రానికి పళ్లు ఎన్నున్నాయో లెక్కపెట్టండి. పక్కన అంకె చెక్కి ఉంటుంది, లేకపోతే చాక్‌పీసుతో గుర్తు పెట్టుకుని లెక్కపెట్టాలి. ఈ ధరలో రెండు రకాలొస్తాయి: 48-38-28, లేదా 42-34-24. ఈ రెండోది వచ్చినవాళ్లు అదృష్టవంతులు, ఫ్రీవీల్ ముట్టుకోకపోయినా నడుస్తుంది. షాపుల్లో ఎక్కువగా కనబడేది మొదటిదే, దానికి జతగా వెనక 14-28 ఫ్రీవీల్ (చిన్న చక్రానికి 14 పళ్లు, పెద్దదానికి 28). అంటే అన్నిటికన్నా తేలిక గేరులో ముందు 28, వెనక 28. పెడల్ ఒక చుట్టు తిరిగితే చక్రమూ ఒక చుట్టు తిరిగి సైకిల్ 2.17 మీటర్లు ముందుకు పోతుంది. నిమిషానికి 60 చుట్లు తొక్కితే వేగం గంటకి 7.8 కిలోమీటర్లు. మనిషి, సైకిల్, సామాను కలిపి 100 కిలోలు అనుకుంటే 8 శాతం ఎక్కుడులో, అంటే వంద మీటర్లకి ఎనిమిది మీటర్లు లేచే చోట, దీనికి దాదాపు 185 వాట్లు కావాలి. రోజూ తొక్కే అలవాటున్న మామూలు మనిషి గంటసేపు నిలకడగా ఇవ్వగలిగేది అంతుండదు. దాంతో పెడల్ నెమ్మదిస్తుంది, మోకాలి మీద బరువు పడుతుంది, రెండో మలుపుకే దిగి తోసుకెళ్తారు. లోపం తొక్కేవాడిది కాదు, పళ్లచక్రానిది.

14-34 ఫ్రీవీల్ వేస్తే అదే 60 చుట్లకి వేగం 6.4కి తగ్గుతుంది, కావలసిన బలం దాదాపు 155 వాట్లకి దిగుతుంది. తేడా చూడ్డానికి చిన్నదే గానీ దిగి తోసుకెళ్లడానికీ కూర్చుని తొక్కడానికీ మధ్య ఉన్నది ఆ తేడాయే. షిమానో వారి ఏడు చక్రాల 14-34లో పళ్లు 14, 16, 18, 20, 22, 24, ఆ తర్వాత ఒక్కసారిగా 34. ఆ చివరి గంతు చాలామందికి నచ్చదు. 24 మీద కాస్త బరువుగా ఉంటుంది, 34 మీద కాలు ఊరికే తిరిగిపోతుంది, మధ్యలో ఏమీ లేదు. నాకైతే ఘాట్ మీద ఆ లోటు పెద్దది కాదనిపిస్తుంది, అక్కడ ఎలాగూ చివరి చక్రం మీదే ఎక్కువసేపు ఉంటారు. ఒక్క జాగ్రత్త చాలు: ఎక్కుడు మధ్యలో కాలు బిగిసిపోయాక మార్చకూడదు. వాలు మొదలయ్యేముందే, పెడల్ మీద బలం తగ్గించి, చైనుని 34 మీదికి ఎక్కించాలి. బరువు మీద మారిస్తే కరకరమని చప్పుడు చేసి నిలబడిపోతుంది.

ఈ మార్పు చేయించేటప్పుడు షాపు దగ్గర నిలబడి చూసుకోవాల్సినవి కొన్ని ఉన్నాయి. ఫ్రీవీల్ విప్పడానికి 12 గాట్లున్న టూలు కావాలి. అది లేకుండా సుత్తి, ఉలి అందుకునే షాపు నుంచి వెంటనే బయటికొచ్చేయండి. పాత ఫ్రీవీల్ తొక్కిన బలానికి బాగా బిగుసుకుని ఉంటుంది, కాబట్టి టూలుని బెంచి వైసులో బిగించి, చక్రాన్నే స్టీరింగులా ఎడమకి తిప్పితే వదులుతుంది. కొత్తది ఎక్కించేముందు మరలకి గ్రీజు తప్పనిసరి. డెల్టా తేమలో గ్రీజు లేకుండా బిగిస్తే మళ్లీ విప్పేనాటికి హబ్ మరలు ఊడొస్తాయి.

ఆ తర్వాత చైను పొడవు. వెనక 28 నుంచి 34కి పోయాక పాత చైను సాధారణంగా పొట్టిదవుతుంది. డిరైలర్‌లోంచి కాకుండా నేరుగా ముందు 48 మీద, వెనక 34 మీద చైను చుట్టి, రెండు కొసలు కలిసిన చోటికి ఇంకో రెండు లింకులు కలపాలి. అది సరైన పొడవు. ఇది చూసుకోకుండా ఎవరైనా పొరపాటున పెద్దదీ పెద్దదీ కలిపి గేరు వేశారా, డిరైలర్ అడ్డంగా సాగి విరుగుతుంది. పోతూపోతూ దాన్ని ఫ్రేముకి పట్టి ఉంచే చిన్న ముక్కని, అంటే హ్యాంగర్‌ని కూడా తీసుకుపోతుంది. టూర్నీ టీవై300 డిరైలర్ 34 పళ్లదాకా మోస్తుంది కాబట్టి దాన్ని మార్చక్కర్లేదు. డిరైలర్ వెనక ఉండే బి స్క్రూ మాత్రం కొంచెం బిగించి, పై చిన్న చక్రానికీ 34 పళ్లకీ మధ్య ఐదారు మిల్లీమీటర్ల సందు ఉంచాలి. అంతకన్నా దగ్గరైతే పళ్లు రాసుకుని గరగరమంటుంది.

అన్నిటికన్నా ముఖ్యమైనది డిరైలర్ మీద ఎల్ అక్షరం అచ్చు వేసిన చిన్న స్క్రూ. చైను చివరి చక్రం దాటి పుల్లల్లోకి పడకుండా ఆపేది అదే. డెల్టాలో ఆ గేరు ఎవరూ వెయ్యరు గనక అది ఎంత వదులుగా ఉన్నా ఎవరికీ తెలియదు. ఘాట్ మీద మొదటిసారి వేసినప్పుడు చైను చక్రానికీ పుల్లలకీ మధ్య ఇరుక్కుంటుంది, నాలుగైదు పుల్లలు తెగుతాయి, డిరైలర్ వెళ్లి చక్రంలో పడుతుంది. ఆ రోజు ప్రయాణం అక్కడితో సరి. సరిచూడ్డం చాలా తేలిక. సైకిల్ వెనక చక్రం గాల్లోకి లేపి, ముందు చిన్నది, వెనక పెద్దది వేసి, పెడల్ తిప్పుతూ డిరైలర్‌ని చేత్తో పుల్లల వైపు నెట్టండి. చైను 34 దాటి అవతలికి పోబోతుంటే ఎల్ స్క్రూని పావు చుట్టు చొప్పున కుడికి బిగిస్తూ పోండి, ఎంత నెట్టినా పోనంతవరకు. మరీ బిగిస్తే 34 మీదికి అసలు ఎక్కదు, అప్పుడు పావు చుట్టు వెనక్కి.

స్క్రూ సరిగ్గానే ఉన్నా హ్యాంగర్ వంగి ఉంటే లాభం లేదు. బస్సు మీదికి ఎక్కించినప్పుడో, కుడి పక్కకి పడినప్పుడో అది లోపలికి వంగుతుంది. వెనక కూర్చుని చూస్తే డిరైలర్ పంజరం (రెండు చిన్న చక్రాలు ఉండే భాగం) పళ్లచక్రాలకి సమాంతరంగా, నిలువుగా వేలాడాలి. కింది కొస పుల్లల వైపు ఒరిగి ఉంటే వంగినట్టే. ఒక్కో ఫ్రేముకి ఒక్కో ఆకారం కాబట్టి ఇది ఎక్కడపడితే అక్కడ దొరకదు. సైకిల్ కొన్నప్పుడే ఒకటి అదనంగా తీసుకుని సంచిలో పడేసుకోండి.

ఇవన్నీ అయ్యాక పరీక్ష కోసం మారేడుమిల్లి దాకా పోనక్కర్లేదు. క్యారియర్ మీద పది కిలోల బియ్యం బస్తా కట్టి, దగ్గర్లో ఏటిగట్టు ఎక్కే నిలువు వాలు చూసుకుని, అన్నిటికన్నా తేలిక గేరులో పది పన్నెండు సార్లు ఎక్కి దిగండి. చైను జారడం, చప్పుడు, పళ్లు దాటడం ఏదున్నా అక్కడే తెలిసిపోతుంది. సిద్ధాంతం, చించినాడ వంతెనల వాలు కూడా ఉంది గానీ అది మరీ నెమ్మది, ఈ పరీక్షకి చాలదు.

ఎక్కుడు విషయంలో ఈ సైకిళ్లకి పదికి ఆరిస్తే, దిగుడు విషయంలో షాపునుంచి వచ్చినట్టే అయితే మూడు కూడా ఇవ్వను. 100 కిలోల బరువు 100 మీటర్ల ఎత్తునుంచి నెమ్మదిగా దిగితే బ్రేకులు మింగాల్సిన వేడి 98 కిలోజౌళ్లు, ఓ మూడో వంతు లీటరు చన్నీళ్లని మరిగించేంత. చింతూరు వైపు ఇలాంటి దిగుళ్లు ఒకటి కాదు. తీగ డిస్కులో పిస్టన్ ఒకవైపే కదులుతుంది, అవతలి ప్యాడ్ స్థిరంగా ఉంటుంది. ప్యాడ్లు అరిగేకొద్దీ అందరూ చేసే పని హ్యాండిల్ దగ్గర తీగ బిగించడం. అలా బిగించుకుంటూ పోతే డిస్కు దగ్గర తీగ లాగే బ్రేకు చెయ్యి ముందే సగం లాగినట్టయి పట్టు తగ్గిపోతుంది, డిస్కు కూడా ఒక పక్కకి వంగుతుంది. మొదట స్థిరంగా ఉన్న ప్యాడ్‌ని లోపలి వైపునుంచి అలెన్ కీతో డిస్కుకి రాసీ రాయనంత దగ్గరికి తెచ్చి, ఆ తర్వాతే తీగ సంగతి చూడాలి. ప్యాడ్ మందం అర మిల్లీమీటరుకి వచ్చిందంటే ఆలోచించకుండా మార్చెయ్యండి. కొత్తవి వేశాక ఖాళీ కాలవ రోడ్డు మీద 20 కిలోమీటర్ల వేగం నుంచి నడక వేగానికి, పూర్తిగా ఆపకుండా, ఇరవై సార్లు తగ్గిస్తేగాని వాటికి పట్టు రాదు. ఘాట్‌కి ముందురోజు సాయంత్రం ప్యాడ్లు మార్పించుకుని తెల్లారి బయల్దేరడం మంచిది కాదు.

సర్వీసు పేరుతో షాపులు చేసే ఒక అపచారం ఇక్కడే చెప్పాలి. చైనుకి స్ప్రే నూనె కొట్టేటప్పుడు ఆ తుంపర డిస్కు మీద పడుతుంది. చదునులో తెలియదు, కాస్త కీచుమంటుంది అంతే. దిగుడులో మాత్రం లివర్ హ్యాండిల్‌కి తగిలేదాకా నొక్కినా బండి జారిపోతూనే ఉంటుంది. నూనె పడ్డ డిస్కుని స్పిరిట్‌తో తుడిస్తే బాగవుతుంది, ప్యాడ్లు మాత్రం బాగుపడవు. వాటిని గరుకు కాగితంతో రుద్ది ఇస్తామంటే వద్దనండి. చైనుకి స్ప్రే కాకుండా చుక్కలుగా వేసే నూనె అడగండి, లింకుకి ఒక చుక్క, తర్వాత పొడిగుడ్డతో తుడవడం.

దిగేటప్పుడు బ్రేకు పట్టుకుని కూర్చోకూడదు. మలుపుకి ముందు రెండూ గట్టిగా పట్టి వేగం తగ్గించి, పూర్తిగా వదిలేసి, డిస్కుకి గాలి తగలనివ్వాలి. మాడు వాసన వచ్చినా, లివర్ మెత్తబడినా రోడ్డు పక్కన ఆగి పది నిమిషాలు చల్లారనివ్వండి. నీళ్లు పొయ్యొద్దు, వేడి డిస్కు వంకర పోతుంది. డిస్కు కాకుండా రబ్బరు కట్టలు రిమ్ముని పట్టే బ్రేకులు ఉన్నవాళ్లకి ఇంకో తలనొప్పి. రిమ్ము కాగి ట్యూబు పేలొచ్చు. కాలవగట్ల ఒండ్రు కట్టల్లో ఇరుక్కుని ఉంటే అది రిమ్ముని ఆకురాయిలా కోస్తుంది. కట్టల్లో మెరిసే రజను కనిపిస్తే సూదితో తీసెయ్యండి.

చక్రాల సంగతి. ఫ్యాక్టరీలో మిషను బిగించిన పుల్లలు కొత్తలో వదులుగానే ఉంటాయి. సామాను వేసుకుని తొక్కితే వెనక చక్రానికి, గేర్ల వైపు పుల్లలే ముందు తెగుతాయి. వాటిని మార్చాలంటే మళ్లీ ఫ్రీవీల్ విప్పాలి. అందుకే బయల్దేరేముందు మంచి మేస్త్రీ చేత బెండు తీయించడంతో పాటు అన్ని పుల్లలూ సమంగా బిగించమనండి. రెండు పుల్లలు జతగా వేళ్లమధ్య నొక్కి చూస్తే గేర్ల వైపువన్నీ ఒకే గట్టితనంతో ఉండాలి. మీ చక్రానికి సరిపోయే పొడవులో నాలుగు పుల్లలు ఫ్రేముకి టేపుతో కట్టుకోండి. ఫ్రీవీల్ టూలు కూడా సంచిలో ఉంటే, దాన్ని తిప్పే పెద్ద స్పానర్ ఏ ట్రాక్టరు మెకానిక్ దగ్గరైనా దొరుకుతుంది.

టైరు 35 అయితే చాలు, ఇంకా సన్నం వద్దు. గాలి వెనక 60, ముందు 50 పీఎస్ఐ దగ్గర పెట్టుకుంటే గోతుల్లో చెయ్యి అదరదు, రిమ్మూ తగలదు. మోటారు సైకిల్ రకం వాల్వు ఉన్న ట్యూబులే వాడండి, పంచరు షాపు కంప్రెసర్ నేరుగా పడుతుంది. సన్న వాల్వు అయితే చేతిపంపే గతి. ఏజెన్సీలో 700 ట్యూబు అడిగితే ఉండకపోవచ్చు. పాత పెద్ద సైకిళ్ల 28×1½ ట్యూబు అవసరానికి ఇందులో పడుతుంది. ఆ టైరు మాత్రం పడదు, దాని కొలత 635 మిల్లీమీటర్లు, మన రిమ్ము 622.

క్యారియర్ కొనేటప్పుడు 25 కిలోలు మోస్తుందని రాసి ఉన్నది తీసుకుని, దాని మీద పన్నెండు కిలోలకి మించి పెట్టకండి. డిస్కు బ్రేకు అడ్డొస్తుంది గనక ఎడమ కాలు బయటికి వంచిన రకం కావాలి, లేదా బోల్టు దగ్గర పొడుగు వాషర్లు వెయ్యాలి. బోల్టులకి మరలు వదలకుండా పట్టే జిగురు రెండు చుక్కలు వేసి, మొదటి రోజు సాయంత్రం ఇంకోసారి బిగించండి. రబ్బరు కొక్కేల తాళ్ల కన్నా పాత ట్యూబు నిలువుగా చీల్చి కట్టిన కట్టే నాకు నమ్మకం. సంచి మడమకి తగలనంత వెనక్కి ఉందో లేదో ఇంటి దగ్గరే తొక్కి చూసుకోండి.

సీటు మెత్తగా ఉందని సంతోషపడకండి, ఎత్తు సరిగ్గా పెట్టుకోవడమే అసలు పని. మడమ పెడల్ మీద పెడితే కాలు తిన్నగా రావాలి. లైటు తప్పనిసరి, కొండల మధ్య చీకటి ముందే పడుతుంది.

కాలం విషయంలో నవంబరు నుంచి ఫిబ్రవరి వరకే నా ఓటు. ఏప్రిల్, మే ఎండలో ఘాట్ ఎక్కడం మొండితనం. జూలై నుంచి సెప్టెంబరు మధ్య భద్రాచలం దగ్గర గోదావరి 43 అడుగులు చేరి మొదటి హెచ్చరిక వచ్చిందంటే చింతూరు ఆలోచన మానుకోండి, శబరి వెనక్కి తన్ని అక్కడి రోడ్లు మునుగుతాయి. అలాంటప్పుడు మారేడుమిల్లి నుంచే వెనక్కి తిరగాలి. మారేడుమిల్లి, చింతూరు మధ్య దుకాణాలు అరుదు, ఫోను సిగ్నలూ చాలా చోట్ల ఉండదు. మూడు లీటర్ల నీళ్లు, అటుకులో బెల్లం ఉండలో పెట్టుకోండి. దోమతెర బరువైనా మోయండి, ఏజెన్సీలో మలేరియా ఇప్పటికీ ఉంది. బొంగులో చికెన్ ఘాట్ ఎక్కేముందు కాదు, దిగొచ్చాక.

తిరిగొచ్చాక చైను కొలవండి. పిన్ను మధ్యనుంచి పిన్ను మధ్యకి 24 సగం లింకులు కొత్తదైతే సరిగ్గా 12 అంగుళాలు ఉంటాయి. స్కేలు మీద దానికి పదహారో వంతు అంగుళం ఎక్కువ చూపిస్తే చైను మార్చెయ్యాలి. అలాగే వదిలేస్తే మొన్న వేయించిన కొత్త ఫ్రీవీల్ పళ్లని కూడా అదే తినేస్తుంది.